పాత రేడియోకి ఓడ ప్రయాణం

ప్రశ్న: కువైట్ ఫ్రైడే మార్కెట్లో చెక్కపెట్టె వాల్వు రేడియో ఒకటి దొరికింది. బరువు 14 కిలోలు. రాజంపేటకు చౌకగా పంపేదెలా?
- ఒక పాఠకుడు, ఫర్వానియా

జవాబు: ఒకప్పుడు కువైట్ నుంచి దిగినవాళ్ల చేతిలో టేప్‌రికార్డర్ ఉండేది. మీరు దాని తాతనే తీసుకెళ్తున్నారు! తొందర లేకపోతే ఓడలో వేయండి. విమాన కార్గోలో బరువొక్కటే చూడరు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6000తో భాగిస్తారు, కొరియర్లయితే ఎక్కువగా 5000తో. ఆ అంకె, అసలు బరువు... ఏది ఎక్కువైతే దానికి దీనార్లు కట్టాలి. 60×45×40 పెట్టెకు 18 కిలోలు పడుతుంది. కొరియర్ లెక్కలో 21.6. కాబట్టి చోటు మిగలని పెట్టె చూసుకోండి. సీ కార్గోవాళ్లను కిలో ధర, ఘనమీటరు ధర రెండూ అడగండి. ఇంటిదాకానా, రేవుదాకానా అన్నదీ తేల్చుకోండి. వస్తువు పేరు, విలువ ఉన్నదున్నట్టు రాయించండి. వెంట తెచ్చుకునే సామానుకిచ్చే సుంకం మినహాయింపు విడిగా పంపే పెట్టెకూ ఉంటుందనుకోవద్దు.

ఇక అసలు పని. వెనక అట్ట తీసి, ఏ వాల్వు ఎక్కడుందో ఫోన్లో ఫొటో తీసుకోండి. వాల్వులు నిటారుగా పైకి లాగి, పాత బనియన్ గుడ్డలో చుట్టి, ఊరికెళ్లే స్నేహితుడి చేతిసంచిలో పెట్టండి. ట్రాన్స్‌ఫార్మర్ మరలు బిగించండి. నేను చూసిన పగిలిన డయల్ అద్దాల్లో చాలావాటికి కారణం, లోపల వదులై దొర్లిన ఆ ఇనుప ముద్దే. పెట్టెలో పెట్టె పెట్టి, మధ్య ఖాళీని థర్మాకోల్‌తో కూరండి.

ఊళ్లో వెంటనే ప్లగ్గులో గుచ్చకండి. కరెంటు రెండుచోట్లా 50 హెర్ట్జ్, వోల్టేజీ దాదాపు ఒకటే. కానీ రేడియో వెనక వోల్టేజీ మీట 110 మీద ఉంటే మాడిపోతుంది. పాత కెపాసిటర్లనూ మెకానిక్‌కు చూపించాకే కరెంటివ్వండి.

ప్రశ్న: గ్రామఫోను, యాభై రికార్డులు భీమవరం పంపాలి. జూలైలో వేయొచ్చా?
- ఒక పాఠకురాలు, ఫహాహీల్

జవాబు: బూర విప్పి వేరుగా కట్టండి. దాని బోలులోనే మెత్తని బట్టలు కుక్కితే చోటు వృథా కాదు. సౌండుబాక్సు తీసేయండి. స్ప్రింగుకు తాళం తిప్పి ఉంచవద్దు. రికార్డులు నిలువుగానే సర్దాలి. లక్కవి పడుకోబెట్టి పేర్చితే అడుగువి విరుగుతాయి. జూలైలో మాత్రం వద్దమ్మా. ఎండలో కంటైనరు పొయ్యే, రికార్డులు అప్పడాల్లా వంకర్లు పోతాయి. నవంబరు దాకా ఆగండి.