పిండి సంచి ఖాళీగా తిరిగి రాలేదు

అమెరికా మ్యూజియాల్లో పాత బట్టలు బాగుచేస్తూనే నా ఉద్యోగమంతా గడిచింది. యుద్ధాల్లో నలిగినవాళ్లు తమకు సాయపడ్డవారికి చేసిచ్చిన కానుకల గురించి, కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలకు చెబుతూ వచ్చినవి ఇవి.

1. ముందు వెనక్కి తిప్పి చూడండి. ముడులూ అతుకులూ అక్కడే ఉంటాయి. పువ్వు సగంలో రంగు మారితే కుట్టేవాళ్ల చేయి తప్పిందనకండి. దారం అయిపోయి ఉంటుంది.

2. సరుకు ఎక్కడిదో ఆరా తీయండి. 1945 తర్వాత జర్మనీ శిబిరాల్లో చిక్కుకుపోయిన లాత్వియా, ఎస్టోనియా, లిథువేనియా, పోలండ్, ఉక్రెయిన్ జనం లక్షల్లో ఉన్నారు. కొనుక్కోవడానికేముంది? పారాచూట్ గుడ్డ, మిలిటరీ కంబళి, డబ్బా రేకు, ఏది దొరికితే అదే.

3. 1914లో జర్మనీ బెల్జియాన్ని ఆక్రమించాక తర్వాత అమెరికా అధ్యక్షుడైన హెర్బర్ట్ హూవర్ నడిపిన సంఘం అక్కడికి పిండి పంపింది. పిండి సంచుల నూలుగుడ్డ జర్మన్ల మందుగుండుకు పోతుందేమోనని ఖాళీ సంచులకూ గట్టిగా లెక్క చూసేవారు. అవే సంచులు కుట్టుపని కేంద్రాలకూ కాన్వెంట్లకూ చేరాయి. మిల్లు పేరు అచ్చుపడిన చోటును ఆడవాళ్లు దాచలేదు. ఆ అక్షరాల మీదే దారం పోసి కుట్టారు, అంచులకు లేసు అల్లారు. కొన్ని అమ్మారు, కొన్ని హూవర్‌కీ ఆయన మనుషులకీ ఇచ్చారు. వీళ్లు శరణార్థులు కారు, సొంత ఊళ్లోనే ఆకలికి చిక్కినవాళ్లు. అయినా పక్కింటివాళ్ల కూర గిన్నెను ఖాళీగా తిప్పి పంపడానికి ఎవరికి మనసొప్పుతుంది? అయోవాలోని హూవర్ లైబ్రరీలో ఈ సంచులు ఇప్పటికీ వందల్లో ఉన్నాయి.

4. ప్రతి కానుకా ప్రేమతోనే ఇచ్చారనుకోకండి. జర్మనీలో 1947 దాకా శిబిరాలు చూసుకున్న సహాయ సంస్థ ‘ఉన్రా’ అధికారులకు వీడ్కోలు ఆల్బమ్‌లు, నగిషీ పెట్టెలు ముట్టేవి. రేషను వాళ్ల చేతుల్లోదే కదా! అందులో కృతజ్ఞతా ఉంది, మర్యాదా ఉంది, కాస్త అవసరమూ ఉంది. నాకు మాత్రం ఎక్కువగా కనిపించేది పనితనం చూపించుకోవాలన్న పంతం. పెట్టె చెక్కినంతసేపూ ఆ శిబిరవాసి వడ్రంగి. రేషను క్యూలో అతనికి ఆ పేరు లేదు.

5. పెద్దవాళ్లకిచ్చిన కానుక రాజకీయాల్లో ఇరుక్కుంటుంది. లెబనాన్‌లోని ఘజీర్‌లో ఒట్టోమన్ టర్కీ ఊచకోతలో అనాథలైన ఆర్మేనియన్ బాలికలు నేసిన తివాచీ 1925లో అమెరికా అధ్యక్షుడు కూలిడ్జ్‌కు అందింది. 2013లో ప్రదర్శనకు అడిగితే, టర్కీ నొచ్చుకుంటుందని కాబోలు, వైట్‌హౌస్ ఇవ్వనంది. మరుసటి ఏడు కొన్నాళ్లు జనానికి చూపించారు.

6. మీ ఇంట్లో అలాంటిది ఉంటే ఉతకొద్దు, ఇస్త్రీ చేయొద్దు. ఎవరు, ఎవరికి, ఏ ఊళ్లో ఇచ్చారో చీటీ రాసి జత చేయండి. పెన్సిల్‌తోనే రాయండి. సిరా బట్టకంటితే నాలాంటివాళ్ల వల్ల కూడా కాదు.