పెరటి ఆకుకూరలు

పాఠ్యభాగ ఉద్దేశం

ఇంటి ఆవరణలో గాని, మేడపై గాని రసాయనాలు వాడకుండా ఆకుకూరలను పెంచే విధానాన్ని, పోషకాలు నశింపకుండా వాటిని వండుకొనే పద్ధతిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

'పెరటి చెట్టు మందుకు పనికిరాదు' అని తెలుగువారికొక సామెత ఉన్నది. చేతికి అందేదానిని చులకనగా చూడటం మానవ స్వభావమని దాని భావం. ఆకుకూరల విషయంలో ఈ మాట అక్షరాలా నిజమైనది. ఒకప్పుడు పల్లెటూళ్లలో బావిగట్టున బచ్చలి తీగ, నీరు పారే కాలువ వెంట పొన్నగంటి కూర, గోడ పక్కన మునగచెట్టు సర్వసాధారణంగా కనిపించేవి. నేడు పెరళ్లు కుంచించుకొనిపోయాయి. కొత్తిమీర కట్టకు సైతం అంగడికి వెళ్లవలసి వస్తున్నది.

దీనివల్ల కలిగిన నష్టం చిన్నది కాదు. 2019–21లో జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుండి 49 సంవత్సరాల వయసుగల స్త్రీలలో రక్తహీనతతో బాధపడేవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అనగా ప్రతి పదిమందిలో దాదాపు ఆరుగురు! మన తరగతి గదుల్లోని విద్యార్థినులు ఈ వయసువారే. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, పుస్తకం పట్టితే నిస్సత్తువ, ఎప్పుడూ వీడని అలసట దీని లక్షణాలు. బద్ధకమని మనం మందలించేది ఒక్కొక్కప్పుడు రక్తహీనతే కావచ్చు.

ఈ లోపానికి కారణాలు అనేకం. ఇనుము, ఫోలిక్ ఆమ్లం చాలినంతగా లేని ఆహారం వాటిలో ముఖ్యమైనది. ఆకుకూరలు తిన్నంత మాత్రాన వ్యాధి నయమైపోతుందని భ్రమపడరాదు. లోపం తీవ్రంగా ఉన్నవారు వైద్యుని సలహాపై మాత్రలు వాడవలసిందే. అయినా నిత్యాహారంలో ఆకుకూరలకు గొప్ప స్థానం ఉన్నది. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది 2011లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, రోజూ తినవలసిన 300 గ్రాముల కూరగాయలలో 50 గ్రాములు ఆకుకూరలు ఉండాలని సూచించాయి. చిన్న కుటుంబానికి అవసరమైన ఆకులో కొంతైనా నాలుగైదు తొట్లలో పండించుకోవచ్చు.

ఆకుకూరల వేళ్లు లోతుగా పోవు. కనుక ఎనిమిది అంగుళాల లోతుగల తొట్టి చాలును. పాత బకెట్టయినా, సిమెంటు సంచియైనా అడుగున రంధ్రాలు చేస్తే పనికివస్తుంది. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి నింపాలి. పచ్చిపేడను నేరుగా వేయరాదు. దాని వేడికి లేతవేళ్లు మాడిపోతాయి. రోజుకు నాలుగైదు గంటలైనా ఎండ తగిలే చోటు ఎంచుకోవాలి.

నేను మొదటిసారి తోటకూర వేసినప్పుడు గింజలను రెండంగుళాల లోతున పూడ్చి, రోజుకు మూడుసార్లు నీరు పోశాను. పదిహేను రోజులు గడిచినా ఒక్క మొలక కనబడలేదు. ఆవగింజ కంటె చిన్నదైన విత్తనానికి అంత మట్టిని చీల్చుకొని వచ్చే బలం ఎక్కడిది? మా వీధిలోని పెద్దావిడ ఒకరు చూసి నవ్వి, "గింజలో ఇసుక కలిపి పైపైన చల్లు నాయనా! పలుచగా మట్టి కప్పి, చేత్తో నీళ్లు చిలకరించు" అన్నారు. అట్లే చేయగా నాలుగవ నాటికి ఎర్రని మొలకలు తలయెత్తాయి.

మెంతులను ఒక రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజులలో మొలిచి, మూడు వారాలకు కోతకు వస్తాయి. ధనియాలను రెండు బద్దలుగా నలిపి వేయాలి. అవి మొలవడానికి పది రోజుల వరకు పట్టవచ్చు. తోటకూర, పాలకూర సుమారు నెలకు చేతికందుతాయి. పాలకూరను మొదలంటా పీకక రెండంగుళాలు విడిచి కోస్తే మరల మరల చిగురిస్తుంది. బచ్చలికి, పొన్నగంటికి విత్తనాలతో పని లేదు. అంగడిలో కొన్న కట్టలోని ముదురు కాడలను గుచ్చినా చాలును. తొట్లన్నింటిలో ఒకేనాడు విత్తక, వారానికొక తొట్టి చొప్పున విత్తితే ఇంటికి ఎడతెగకుండా కూర అందుతుంది.

పురుగు కనబడగానే విషపు మందులకు పరుగెత్తరాదు. తినేది ఆకునే గనుక, ఆకుపై చల్లినది మన పళ్లెంలోకే వస్తుంది. పేనుబంక పట్టిన ఆకులను ముందుగా తుంచి పారవేయాలి. లీటరు నీటిలో ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బుద్రావణం కలిపి సాయంత్రం వేళ చల్లాలి. అటుపిమ్మట కొన్ని రోజులు ఆగి, ఆకును బాగా కడిగి వండుకోవాలి.

పండించడం ఎంత ముఖ్యమో వండటమూ అంతే ముఖ్యం. ఆకును ముందు కడిగి, తరువాత తరగాలి. తరిగి కడిగినా, ఉడికించిన నీటిని పారబోసినా 'సి' విటమిను, ఫోలిక్ ఆమ్లం ఆ నీటితోనే పోతాయి. తోటకూర ఇగురునే చూడండి. బాణలిలో రెండు చెంచాల నూనె వేసి, ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు పోపు పెట్టాలి. అరగంట నానిన గుప్పెడు పెసరపప్పు, తరిగిన తోటకూర వేసి, ఉప్పు, పసుపు చేర్చి మూత పెట్టి సన్నని సెగపై మగ్గనివ్వాలి. ఆకు విడిచే నీరే సాధారణంగా సరిపోతుంది. దించిన తరువాత నిమ్మరసం పిండాలి. ఆకులోని ఇనుమును శరీరం గ్రహించడానికి ఆ పులుపులోని 'సి' విటమిను తోడ్పడుతుంది. పోపులోని నూనె 'ఎ' విటమినుకు మూలమైన కెరోటిన్‌ను ఒంటబట్టిస్తుంది. భోజనం కాగానే టీ త్రాగే అలవాటు ఇనుమును గ్రహించనీయదు గనుక దానిని మానడం మంచిది. మూత్రపిండాలలో రాళ్లు ఏర్పడేవారు పాలకూర, చుక్కకూర వంటి వాటిని వైద్యుని అడిగి తినాలి.

వసతి గృహంలో ఉండే విద్యార్థి కిటికీ పక్కన ఒక తొట్టిలో మెంతులు చల్లుకోవచ్చు. ఖర్చు స్వల్పం, కావలసినది రోజుకు పది నిమిషాల శ్రద్ధ. తన చేతులతో పెంచిన ఆకును ఎవరూ పళ్లెం అంచుకు నెట్టివేయరు. పెరటి చెట్టు మందుకు పనికివస్తుందో లేదో గాని, అన్నంలోకి తప్పక పనికివస్తుంది.

కఠిన పదాలకు అర్థాలు

చులకన = తేలికభావం
నిస్సత్తువ = బలం లేకపోవడం
చివికిన = బాగా కుళ్లి మట్టిలా మారిన
పేనుబంక = ఆకుల రసం పీల్చే సన్నని పురుగు
ఇగురు = నీరు ఇంకేవరకు మగ్గించిన కూర

అభ్యాసం

1. రక్తహీనత నివారణలో ఆకుకూరల పాత్రను, దాని పరిమితిని వివరించండి.
2. రచయిత మొదటి ప్రయత్నం ఎందుకు విఫలమైంది?
3. వారానికొక తొట్టి చొప్పున విత్తడం వల్ల ప్రయోజనమేమి?
4. మీ ఇంట ఆకుకూర వండే విధానాన్ని అడిగి తెలుసుకొని, పాఠంలోని సూచనలతో పోల్చి రాయండి.