బోటు స్టీరింగ్‌కు నాబ్ బిగించవచ్చా?

ప్రశ్న: మేం డల్లాస్ దగ్గర ఉంటాం. నిరుడు పదిహేడు అడుగుల పాత మోటారుబోటు కొన్నాను. వెనుక 90 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజిన్ ఉంది. చెరువు మధ్యలో నేరుగా పోతున్నంతసేపు హాయిగానే ఉంటుంది. జెట్టీ దగ్గరికి వచ్చేసరికి చెమటలు పడుతున్నాయి. కుడిచేయి గేరు లివర్ మీద ఉంచాలి, ఎడమచేత్తో స్టీరింగ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు గిరగిరా తిప్పాలి. కాస్త గాలి వీస్తే చాలు, పట్టు మార్చుకునే లోపే బోటు పక్కవాళ్ల బోటు మీదికి పోతోంది. తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్నగారి ట్రాక్టర్ స్టీరింగ్‌కు గుండ్రటి నాబ్ ఉండేది. దాన్ని పట్టుకుని ఆయన ఒంటిచేత్తో చేను చివర ఇట్టే మలుపు తిప్పేవారు. అలాంటిది బోటుకు బిగించుకోవచ్చా? అన్నట్టు, ఈ మధ్య చక్రం కొంచెం బిగుసుకున్నట్టు కూడా అనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: బిగించుకోవచ్చు. కానీ మీరు అన్నట్టు అని చివర్లో రాసిన మాటే ముందు తేల్చుకోవాలి. బిగుసుకున్న స్టీరింగ్‌కు నాబ్ మందు కాదు. నాబ్ పట్టుకుని గట్టిగా లాగితే చక్రం తిరుగుతుంది, బాగైపోయిందనుకుంటాం. లోపల తుప్పు పడుతున్న కేబుల్ మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ఒకరోజు నడినీళ్లలో కదలనని మొరాయిస్తుంది.

కాబట్టి బోటు ట్రెయిలర్ మీద ఉన్నప్పుడు, ఇంజిన్ ఆపి, కేబుల్ కొసను ఇంజిన్‌తో కలిపే లింకు కడ్డీని విప్పండి. ఇప్పుడు ఇంజిన్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూడండి. అది తేలిగ్గా తిరిగి, చక్రం మాత్రం ఇంకా బిగువుగానే ఉంటే తప్పు కేబుల్‌దో, ఆ కేబుల్ కడ్డీ దూరి వచ్చే గొట్టానిదో. ఇంజినే తిరగకపోతే దాని బ్రాకెట్‌లో గ్రీజు ఎండిపోయింది. గొట్టంలో గ్రీజు కొట్టేటప్పుడు ఒక జాగ్రత్త: కడ్డీ పూర్తిగా లోపలికి వెళ్లేలా చక్రం తిప్పి ఉంచాకే కొట్టాలి. కడ్డీ బయటికి చాచి ఉండగా గ్రీజు నింపితే అది లోపలే ఇరుక్కుని స్టీరింగ్‌ను పట్టేస్తుంది. కేబులే పాడైందని తేలితే దానికి నూనె పోసి కాలక్షేపం చేయకండి, మార్చేయండి. విప్పిన లింకును తిరిగి బిగించేటప్పుడు నట్లు కొత్తవి వేయండి. అవి వదులుకాకుండా పట్టి ఉంచే రకం నట్లు, రెండోసారికి ఆ పట్టు తగ్గుతుంది.

ఇక జెట్టీ సంగతి. మీ బోటుకు చుక్కాని లేదు. ఇంజినే పక్కకు తిరిగి, ప్రొపెల్లర్ నీళ్లను ఎటు నెడితే దాన్నిబట్టి బోటు మలుపు తీసుకుంటుంది. గేరు న్యూట్రల్‌లో ఉంటే నెట్టే నీరు లేదు, మలుపూ దాదాపు లేనట్టే. అందుకని నిదానం మీద బోటును తిప్పడానికి అనుభవం ఉన్నవాళ్లు పాటించే వరస ఒకటుంది. న్యూట్రల్‌లోకి తెచ్చి, ముందు చక్రాన్ని కావలసిన కొసదాకా తిప్పుతారు. ఆ తర్వాతే గేరు వేసి, ఒక్క క్షణం నెట్టి, మళ్లీ న్యూట్రల్‌కి వస్తారు. చక్రం సగం తిరగకముందే గేరు వేస్తే బోటు మీరు చూస్తున్న వైపు కాక ముందుకే ఉరుకుతుంది. మీకు పక్క బోటుతో వచ్చిన చిక్కు చాలావరకు ఇదేనని నా అనుమానం. కేబుల్ స్టీరింగ్ ఒక కొస నుంచి మరో కొసకు సుమారు మూడు నాలుగు చుట్లు తిరగాలి, హైడ్రాలిక్ అయితే ఇంకా ఎక్కువ. అన్ని చుట్లు ఎడమచేత్తో పట్టు మార్చి మార్చి తిప్పడం కంటే, నాబ్ పట్టుకుని ఒక్క ఊపులో తిప్పేయడం ఎంతో సుఖం. నాబ్‌కు బోటు మీద ఉన్న అసలు ఉద్యోగం ఇదే, అందుకే నేను దాని పక్షం.

వేగం అందుకున్నాక మాత్రం దాని మీద నుంచి చెయ్యి తీసి చక్రం అంచు పట్టుకోండి. ఇది ఇష్టాయిష్టాల మాట కాదు. పాతకాలపు కేబుల్ స్టీరింగులు చాలావాటిలో ప్రొపెల్లర్ లాగుడు తిన్నగా చక్రం దాకా వస్తుంది. చేయి వదిలితే చక్రం దానంతటదే ఒక పక్కకు తిరిగిపోతుంది. అప్పుడు చక్రంతో పాటు తిరిగే నాబ్ మీ మణికట్టునో బొటనవేలినో కొట్టిందంటే ఎముక విరగవచ్చు. టెక్సస్ చెరువులు ఇంచుమించు అన్నీ ఆనకట్టలు కట్టి నింపినవే. లేక్ ఫోర్క్ లాంటి చోట్ల మునిగిన చెట్లు ఇప్పటికీ నీళ్లలో నిలబడి ఉన్నాయి. ఇంజిన్ ఒక మోడుకు తగిలినా ఆ దెబ్బ చక్రం మీదికే వస్తుంది. అమెరికాలో పవర్ స్టీరింగ్ లేని రోజుల్లో కార్లకూ ఈ నాబ్ విరివిగా పెట్టుకునేవారు. జనం దానికి ఆత్మహత్య నాబ్ అని పేరు పెట్టారు. బ్రోడీ నాబ్ అనే పేరు కూడా ఉంది. 1886లో న్యూయార్క్ బ్రూక్లిన్ వంతెన మీద నుంచి దూకి బతికానని చెప్పుకున్న స్టీవ్ బ్రోడీ పేరు అది. ఊరికే పెట్టిన పేర్లు కావు.

మీ చక్రం ఎంత లాగుతోందో తెలియాలంటే, జనం లేని చోట మామూలు వేగంలో పోతూ పట్టును కొద్దిగా సడలించి చూడండి, పూర్తిగా వదలకండి. లాగుడు ఎక్కువగా ఉంటే ఇంజిన్ కింద, ప్రొపెల్లర్‌కు కాస్త పైన ఉండే చిన్న రెక్కను సరిచేయాలి. ట్రిమ్ ట్యాబ్ అంటారు. బోటు కుడికి లాగుతుంటే దాని వెనుక అంచును కొంచెం కుడికి, ఎడమకు లాగుతుంటే ఎడమకు జరపాలి. అలా చేసినా తగ్గకపోతే, లాగుడును చక్రం దాకా రానివ్వని రకం స్టీరింగ్ పెట్టె దొరుకుతుంది. ఎలాగూ కేబుల్ మారుస్తున్నారంటే అదీ ఇప్పుడే మార్చించుకోండి. నాబ్ కన్నా దానికే ముందు డబ్బు పెట్టమంటాను.

బిగించడంలో రెండు దారులు. ఒకటి, చక్రం అంచుకు పట్టీతో బిగించే నాబ్. చవక, అయిదు నిమిషాల పని. మీ చక్రం అంచు మెత్తటి స్పాంజితో చుట్టినదైతే అది జారుతుంది, వద్దు. గట్టి అంచైతే పట్టీ కింద పల్చటి రబ్బరు ముక్క వేసి బిగించి, నెలకోసారి మరలు చూసుకుంటూ ఉండండి. రెండోది, నాబ్‌తో పాటే తయారైన స్టెయిన్‌లెస్ చక్రం. చిన్న బోట్లలో స్టీరింగ్ కడ్డీ చాలావరకు ముప్పావు అంగుళం, కొస సన్నబడే రకం. మీదీ అదేనేమో కొలిచి కొనండి. పాత చక్రానికి రంధ్రం వేసి నాబ్ బోల్టు బిగించే ఆలోచన మాత్రం పెట్టుకోవద్దు, ప్లాస్టిక్ అంచు అక్కడే పగులుతుంది.

చోటు ఎక్కడంటే, మీ లివర్ కుడిపక్క ఉంది కనుక, బోటు నేరుగా పోతున్నప్పుడు నాబ్ గడియారంలో పది అంకె దగ్గర ఉండాలి. బిగించాక రెండు కొసలకూ తిప్పి చూడండి. ఏ చుట్టులోనూ మీ వేళ్లు లివర్‌కు గానీ, మీటర్ల అంచుకు గానీ, మోకాలికి గానీ తగలకూడదు. పొడుగు చేతుల చొక్కా, చేతికి వేలాడే తాళ్లు నాబ్ వాడేటప్పుడు వద్దు.

ప్రశ్న: మాది భీమిలి. ఫైబర్ బోటుకు చిన్న ఔట్‌బోర్డ్ ఉంది. చక్రం లేదు, పిడి పట్టుకునే నడుపుతాం. గంటల తరబడి పడితే భుజం లాగేస్తోంది. దీనికీ నాబ్ లాంటిది ఉందా?
– ఒక మత్స్యకారుడు

జవాబు: లేదు, అవసరమూ లేదు. మీ పిడి మెలితిప్పితేనే వేగం పెరుగుతుంది, దాని మీద ఇంకేదీ బిగించకూడదు. ఇంజిన్ బ్రాకెట్ దగ్గర స్టీరింగ్ బిగువును సరిచేసే మర ఒకటి ఉంటుంది. అది అతిగా బిగిసి ఉందేమో చూడండి. తేలిగ్గా తిరిగేంత వదులు చేయండి, పూర్తిగా విప్పేస్తే ఇంజిన్ ఒక్కసారిగా అడ్డం తిరుగుతుంది. గ్రీజు నిపుల్స్‌లో ఉప్పు పేరుకోకుండా వేట నుంచి వచ్చాక మంచినీళ్లతో కడగండి.

ప్రశ్న: మా అన్నయ్యకు పక్షవాతం వచ్చి తగ్గింది. ఎడమచేతికి పట్టు రాలేదు. నీళ్ల మీదికి వెళ్లడమంటే ఆయనకు ప్రాణం. కార్లకు ఒంటిచేతి నాబ్ ఇస్తారు కదా, బోటుకూ పెడితే మళ్లీ నడపగలడా?
– ఒక పాఠకురాలు, అట్లాంటా

జవాబు: అమ్మా, నడపగలరనే అనుకుంటున్నాను, కానీ నాబ్ ఒక్కటే చాలదు. కారులో వేగం పాదం చూసుకుంటుంది, బోటులో ఆ పని కూడా చేతిదే. స్టీరింగ్, లివర్ రెండూ ఒకే కుడిచేతికి అందేలా ఉండాలి, ఒకదాని మీద నుంచి చేయి తీసినప్పుడు రెండోది కదలకుండా ఆగాలి. అందుకు హైడ్రాలిక్ స్టీరింగ్ తగినది. చేయి తీసినా చక్రం పెట్టిన చోటే ఉంటుంది. అది ఉన్న బోటుకే నాబ్ పెట్టించండి, కేబుల్ బోటు మీద వద్దు. వైద్యుణ్ని అడిగాకే బయలుదేరాలి, మొదటి నెలలు పక్కన నడపడం వచ్చిన మనిషి ఉండాలి.

ముగ్గురికీ ఒకటే విన్నపం. నడిపేవారు నీళ్లలో పడితే ఇంజిన్‌ను ఆపేసే తాడు ఉంటుంది, దాన్ని ఒంటికి తగిలించుకోండి. చేయి వదిలిన బోటు గుండ్రంగా తిరిగి, పడినవాళ్ల మీదికే ప్రొపెల్లర్‌తో వస్తుంది. 26 అడుగుల లోపు బోట్లకు ఈ తాడు తగిలించే స్విచ్ ఉంటే వేగంగా పోయేటప్పుడు తాడు కట్టుకోవాలని టెక్సస్ 2019లో చట్టం చేసింది, 2021 ఏప్రిల్ 1 నుంచి అమెరికా ఫెడరల్ చట్టమూ అదే చెబుతోంది. భీమిలిలో అడిగేవారు ఉన్నా లేకున్నా, తాడు మీ ఇంజిన్‌తో పాటే వచ్చి ఉంటుంది. పెట్టెలోంచి తీసి కట్టుకోండి.