మెల్‌బోర్న్‌కు పెట్టె సర్దుకునే అమ్మానాన్నలకు

మెల్‌బోర్న్ పడమటి శివార్లలో, టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్ వైపు, సాయంత్రం నడకకు వెళితే తెలుగు చెవిన పడని రోజు ఉండదు. పిల్లలు అక్కడ ఇళ్లు కొనుక్కున్నారు. పురుళ్లకూ, మనవల్ని చూసుకోవడానికీ మనం వెళుతున్నాం. మా కాలనీలో వీసా వచ్చినవాళ్లందరూ వచ్చి నన్ను అడిగేది ఒకటే: "అక్కడ చలా, ఎండా అక్కయ్యా?" రెండూనమ్మా, ఒకే రోజున, అంటాను. నమ్మరు. మన విజయవాడలో ఎండాకాలం మొదలైందంటే తొలకరి పడేదాకా ఎండాకాలమే కదా. ఆ ఊళ్లో నెలల తరబడి ఉండి వస్తున్నదాన్ని కాబట్టి, తెరిచిన పెట్టె ముందు ఏం పెట్టాలో తోచక కూర్చున్న మీకోసం నాకు తెలిసింది రాస్తున్నాను.

1. ముందు నెలల లెక్క తిరగేసుకోండి. రోహిణి కార్తెలో మనకు రోళ్లు పగులుతుంటే అక్కడ చలి ముదురుతుంటుంది. మే నెలలో పగటి ఉష్ణోగ్రత సగటున 17 డిగ్రీల దగ్గర ఉంటుంది. జూన్, జూలై, ఆగస్టు చలికాలం; జూలైలో పగలు 14, తెల్లవారుజామున ఆరో ఏడో. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి. అయితే సగటు చూసి బట్టలు సర్దితే ఇబ్బంది పడతారు. 2009 ఫిబ్రవరి 7న ఆ నగరంలో 46.4 డిగ్రీలు కాసింది. ఏ వేసవి తీసుకున్నా 20 దాటని రోజులు కూడా తగులుతాయి. అన్నిటికన్నా నిలకడ లేనిది సెప్టెంబరు నుంచి నవంబరు వరకు ఉండే వసంతం.

ఇంకో చిక్కు కూడా ఉంది. సెలవులు చూసుకుని ఏప్రిల్, మే నెలల్లో బయల్దేరేవాళ్లే ఎక్కువ. అప్పుడు మన ఊళ్లలో ఉన్ని బట్ట కోసం వెతుక్కోవాల్సిందే. రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే టిబెటన్లు సంక్రాంతి దాటాక దుకాణాలు ఎత్తేస్తారు. ప్రయాణం ఖాయమైతే డిసెంబరులోనే కొని దాచుకోండి.

2. డిగ్రీలకన్నా గాలి దిక్కు చూడటం నేర్చుకోండి. ఊరికి ఉత్తరాన ఖండం లోపలి ఎడారి భూములున్నాయి. నైరుతి దిక్కున చూస్తే అంటార్కిటికా దాకా సముద్రమే. ఉత్తరపు గాలి వీచిన రోజు మన వడగాడ్పే. అది తిరిగి నైరుతి గాలి అందుకుందా, ఇక అంతే, వేడి ఒక్కసారిగా దిగిపోతుంది. ఇలా గాలి మారడాన్ని అక్కడివాళ్లు ‘కూల్ చేంజ్’ అంటారు. ఏ గంటకు వస్తుందో వాతావరణ శాఖ ముందే చెబుతుంది, చాలావరకు ఆ వేళకే వస్తుంది.

జనవరిలో ఒక మధ్యాహ్నం మా అబ్బాయి వాళ్ల పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. అక్కడి పెరళ్లలో నడుమ ఇనుప స్తంభం పాతి, దాని మీద గుండ్రంగా తిరిగే దండెం బిగిస్తారు. 38 డిగ్రీల ఎండ. స్తంభం మీద చెయ్యి వేస్తే చురుక్కుమంటోంది. ఉన్నట్టుండి గాలి స్తంభించింది. పక్కింటి యూకలిప్టస్ చెట్టు ఆకు కదల్లేదు. ఇంతలో దండెం నా చేతుల్లోంచి జారి గిర్రున తిరిగింది, తువ్వాళ్లు ఎగిరి కంచె మీద పడ్డాయి. అవి ఏరుకుని గుమ్మం ఎక్కేసరికి చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. అరగంట తిరక్కుండా 24కు దిగింది. కోడలు ఏసీ కట్టేసి పిల్లవాడికి పొడుగు చేతుల చొక్కా తొడిగింది. ఆవిడకు అది రోజువారీ పని.

బయటికి వెళ్లే ముందు ఫోనులో గంట గంటకూ ఇచ్చే అంచనా చూడండి. గాలి మారే గంటకు ఇంటికి దూరంగా ఉంటారనుకుంటే, ఎంత ఎండ కాస్తున్నా చేతి సంచిలో స్వెట్టర్ ఉండాలి.

3. ఒక్క దళసరి కోటును నమ్ముకోకండి. నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి. ట్రాములో హీటరు ఉంటుంది, షాపుల్లో ఉంటుంది, రైల్లో ఉంటుంది. దిగితే చలిగాలి. దళసరి కోటు వేసుకుంటే లోపల చెమట పడుతుంది, విప్పితే వణుకు. ఆ చెమట ఒంటి మీద ఉండగా గాలిలోకి వెళితే చలి ఇంకా కొరుకుతుంది. అందుకే మూడు పల్చటి పొరలు కావాలి.

ఒంటికి అతుక్కుని ఉండే థర్మల్ మొదటిది. అది నూలుది కాకూడదు. నూలు చెమ్మను పీల్చుకుని వదలదు, ఒంటి మీదే చల్లబడుతుంది. ఉన్ని కాస్త తడిసినా వెచ్చదనం పోదు. ఆ ఊరున్న విక్టోరియా రాష్ట్రం ఉన్నికి పేరుపడ్డ నేల. ఊరికి దగ్గరున్న జీలాంగ్‌లో ఉన్ని కోసమే ఒక మ్యూజియం పెట్టారు. మెరీనో ఉన్ని థర్మల్ ఖరీదైనదే. అయినా ఒక జత మంచిది కొనుక్కోండి. రెండో పొర స్వెట్టర్, ముందువైపు జిప్పో గుండీలో ఉన్నది. తల మీంచి తొడుక్కునేది వద్దు. మన వయసులో భుజాలు అంత తేలిగ్గా పైకి లేవవు, పైగా కళ్లజోడు, మంగళసూత్రం గొలుసు, చెవి దిద్దులు అన్నీ దానికే తగులుకుంటాయి. మూడోది గాలినీ జల్లునూ ఆపే తేలికపాటి కోటు. తలకు కప్పుకునే టోపీ దానికే కుట్టి ఉండాలి.

కొన్నాక ఇంట్లోనే చూసుకోండి. మూడూ తొడుక్కుని, నిలబడి, ఎవరి సాయం లేకుండా పై రెండూ విప్పి మళ్లీ తొడుక్కోగలగాలి. జిప్పు కొస వేళ్లకు అందాలి. కీళ్లనొప్పులున్న వేళ్లకు చిన్న జిప్పు పట్టు దొరకదు. దానికి ఒక రిబ్బను ముక్క కట్టుకోండి. రోజుకు పదిసార్లు చేయాల్సిన పని ఇది. కష్టంగా ఉంటే చేయడం మానేసి చలిలో ఉండిపోతాం.

4. చీర మానుకోనక్కర్లేదు. అక్కడ ఉన్నన్నాళ్లూ నేను చీరే కట్టాను. లంగా కింద ఉన్ని లెగ్గింగ్స్ వేసుకోండి. పొడుగు చేతులతో, నడుము దాకా దిగే జాకెట్లు నాలుగు కుట్టించుకోండి. నడుము దగ్గర ఒంటికి గాలి తగిలితే పైన ఎన్ని వేసుకున్నా వణుకు ఆగదు. కుచ్చెళ్లు రెండంగుళాలు పైకి కట్టాలి. జల్లు పడిన రోడ్డు మీద అంచు తడిస్తే ఆ తడి సాయంత్రం దాకా చీలమండలకు తగులుతూనే ఉంటుంది.

మంగళగిరి, వెంకటగిరి నూలు చీరలు జనవరి ఎండలకు రెండు చాలు. చలికాలంలో వాటిని ఉతికితే రెండు రోజులైనా ఆరవు, గంజి సంగతి చెప్పనే అక్కర్లేదు. రోజువారీకి క్రేప్ చీరలు మేలు. పట్టు సహజంగానే వెచ్చన. కారమ్ డౌన్స్ శివ విష్ణు ఆలయానికి వెళ్లడానికి ఒక పట్టుచీర, ఎవరింట్లోనైనా వేడుకకు ఇంకొకటి పెట్టుకోండి. బీరువాలో ఉన్నవన్నీ చూపించుకునే సందర్భాలు అక్కడ రావు.

మగవాళ్లకు ప్యాంటు లోపల థర్మల్ ఉంటే సగం పని అయినట్టే. ఇంట్లో లుంగీ బదులు దళసరి పైజమా అలవాటు చేయండి.

5. సన్మానాల్లో కప్పిన శాలువాలు ఇంట్లో ఉన్నాయి కదా అని పెట్టకండి. మా వారికి కప్పినవి బీరువా నిండా ఉన్నాయి, వాటి మీద నాకు గౌరవమే. కానీ చాలావరకు పల్చటి సింథటిక్ బట్టలు, చలిని ఆపవు. అసలైన ఉన్ని శాలువా ఒక్కటుంటే విమానంలో దుప్పటిగా, ట్రాములో మెడ చుట్టూ, ఇంట్లో ఒళ్లో మనవడి మీదా పనికొస్తుంది.

6. గొడుగు బరువు దండగ. ఆ ఊరి వాన ఏడాది మొత్తానికి 650 మిల్లీమీటర్ల దగ్గర, మన కృష్ణా తీరం వానకన్నా బాగా తక్కువ. కాకపోతే మనలా ఒక కాలంలో కుమ్మరించి పోదు, ఏడాది పొడవునా చిన్న చిన్న జల్లులుగా పడుతుంటుంది. ఆ జల్లుతో వచ్చే గాలి గొడుగును ఇట్టే తిరగేస్తుంది. కోటుకున్న టోపీయే శ్రేయస్కరం.

7. చెవులు కప్పే టోపీ, మఫ్లరు, ఉన్ని సాక్సులు. చీర మీద చెప్పులు వదల్లేనివాళ్లకు బొటనవేలు విడిగా ఉండే సాక్సులు మన దగ్గరే దొరుకుతాయి. రబ్బరు అడుగున్న బూట్లు నెల ముందే కొని వీధిలో నడిచి అలవాటు చేసుకోండి.

8. ఇంటి లోపల కూడా చలి ఉంటుంది. దీని గురించి ముందుగా ఎవరూ చెప్పరు. పాత చెక్క ఇళ్లలో గోడలు చలిని ఆపవు, కిటికీలకు ఒంటి అద్దమే ఉంటుంది. బిల్లులకు జడిసి రాత్రి హీటరు కట్టేసి పడుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటి చలిని మన ఒళ్లు తట్టుకోలేదు. పడుకునేటప్పుడు వేసుకోవడానికి విడిగా ఒక జత వెచ్చటి బట్టలు, సాక్సులు పెట్టుకోండి. పక్క మీద పరిచే కరెంటు దుప్పటి అక్కడ చవగ్గా వస్తుంది. పడుకునే ముందు వేసి, పక్క వెచ్చబడగానే ఆపేస్తే సరి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్లలకు ఖర్చు ఎందుకని, చలేస్తున్నా నోరు విప్పకుండా సోఫాలో ముడుచుకుని కూర్చున్న తల్లిదండ్రులను చూశాను. పిల్లలు గమనించకపోవడం ప్రేమ లేక కాదు. వాళ్లు ఆ చలికి అలవాటు పడి టీషర్టుతో తిరుగుతుంటారు, మనకూ అలాగే ఉందనుకుంటారు. మన ఊరి నుంచి చూడటానికి వెళ్లినవాళ్లకు అక్కడి ప్రభుత్వ మెడికేర్ వర్తించదు. చలి పట్టి ఛాతీ దాకా పాకితే డాక్టరు ఖర్చు ముందు హీటరు బిల్లు ఏ మూలకు? "చలేస్తోంది నాన్నా, హీటరు వెయ్యి" అని అడగండి. కన్నబిడ్డల దగ్గర మొహమాటమేమిటి?

9. చలిగా ఉంటే ఎండ లేనట్టు కాదు. అక్కడి వేసవి ఎండలో అతినీలలోహిత కిరణాలు చాలా ఎక్కువ. వాటిని కొలిచే సూచీ 3కు చేరితే జాగ్రత్త పడమంటారు. వేసవి మధ్యాహ్నాల్లో 10 దాటడం మామూలే. చల్లగాలి వీస్తుంటే ఒళ్లు కాలుతున్నట్టు తెలియదు. చొక్కా తొడుక్కోండి, క్రీము రాసుకోండి, టోపీ పెట్టుకోండి అని 1981 నుంచి అక్కడ ప్రచారం చేస్తూనే ఉన్నారు. మన చామనఛాయకు ఏమీ కాదనుకోకుండా వెడల్పు అంచు టోపీ ఒకటి, చలువ కళ్లద్దాలు పెట్టుకోండి.

10. పిల్లలు ఫిలిప్ ఐలాండ్‌కు పెంగ్విన్లను చూపించడానికి తీసుకెళతారు. తప్పకుండా వెళ్లండి. ఊరికి రెండు గంటల దూరం. పొద్దుగూకాక, మూరెడు ఎత్తు కూడా లేని పిట్టలు అలల్లోంచి గుంపులుగా లేచి, అటూ ఇటూ చూసి, ఒకదాని వెనక ఒకటి ఇసుక దాటి గూళ్లకు పోతాయి. డిసెంబరులో అయితే అది రాత్రి తొమ్మిది ప్రాంతంలో. సముద్రానికి ఎదురుగా మెట్ల మీద కూర్చుని కాచుకోవాలి. పగలంతా చొక్కా తడిసేంత ఎండ కాసినా సరే, మూడు పొరలూ, టోపీ, కింద వేసుకోవడానికి దిండు, కాళ్ల మీదకు దుప్పటి పట్టుకెళ్లండి. చలికి తాళలేక పిట్టలు రాకముందే కారులోకి వెళ్లిపోయిన పెద్దవాళ్లను చూసి నాకు ప్రాణం ఉసూరుమంది.

11. పెట్టెలో ముందు బట్టలు, తర్వాతే పచ్చళ్లు. మనం ఆవకాయ, కందిపొడి, అరిసెలు సర్ది, మిగిలిన కిలోల్లో స్వెట్టర్ కుక్కుతాం. కందిపొడి అక్కడి భారతీయ దుకాణాల్లో దొరుకుతుంది. మీ కొలతకు, మీకు అలవాటైన జాకెట్టు దొరకదు. తీసుకెళ్లే తినుబండారాలన్నీ విమానంలో ఇచ్చే కాగితంలో రాయండి, బూట్ల అడుగున మట్టి లేకుండా కడగండి. ఈ రెంటి విషయంలో ఆ దేశం చాలా గట్టిగా ఉంటుంది.

ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉంటుంది కాబట్టి వారానికి సరిపడా జతలు చాలు. బరువైన కోటు, బూట్లు ఒంటి మీదే వేసుకుని ఎక్కండి. సింగపూర్‌లోనో కౌలాలంపూర్‌లోనో విమానం మారే చోట ఏసీ చలి తక్కువేం కాదు. చేతి సంచిలో స్వెట్టర్, సాక్సులు, మందులు, ఒక జత బట్టలు ఉండాలి. పెద్ద పెట్టె ఒక రోజు ఆలస్యంగా వచ్చినా గడిచిపోతుంది.

12. తిరిగి వచ్చేటప్పుడు కోటు, బూట్లు, థర్మల్స్ మోసుకురావద్దు. విజయవాడలో వాటితో పనిలేదు. ఉతికి, ఆరబెట్టి, ఉన్ని బట్టల మధ్య కలరా ఉండలు వేసి, ఒక అట్టపెట్టెలో పెట్టి పేరు రాసి పిల్లల ఇంట్లో ఉంచండి. మనం వచ్చేశాక వియ్యపురాలు వెళుతుంది కదా, ఆవిడకు పనికొస్తాయి. మా ఇంట్లో అలాగే నడుస్తోంది. నేను కొన్న కోటు ఆవిడ తొడుక్కుంటుంది, ఆవిడ కొన్న మఫ్లరు నేను చుట్టుకుంటాను. అందుకే కోటు కొనేటప్పుడు వియ్యపురాలికి ఫోన్ చేసి ఆవిడ కొలత కూడా కనుక్కోండి, ఇద్దరిలో పెద్ద సైజు తీసుకోండి.