పనిలేని నెలలలో ఆయిలు ఇంజనును కాపాడుకొను విధము

మన సభ్యులలో నొకరు పుష్యమాసమున నారాయణగూడకు వచ్చి, తాము క్రొత్తగా కొన్న ఆయిలు ఇంజనుతో నిచ్చిన చిన్న పుస్తకమును మాకు చూపిరి. మంచు పడు కాలమునకు ముందు ఇంజనులోని నీటినంతయు తీసివేయవలెనని అందులో నుండెను. “మన యూర నీరు గడ్డకట్టుట యెవరును చూడలేదు గదా, ఇది మనకు చెప్పిన మాటయేనా?” యని వారడిగిరి. ప్రశ్న సమంజసమైనదే. నారాయణగూడలో పుష్యమాసపు వేకువను చాయి దుకాణముల ముందు జనులు శాలువలు కప్పుకొని నిలుచుందురు గాని, బయట నుంచిన బిందెలోని నీరు రాయియగుటను ఎవరును ఎరుగరు. హైదరాబాదున నమోదైన మిక్కిలి తక్కువ ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. నీరు గడ్డకట్టుటకు సున్న డిగ్రీలకు దిగవలెను. అయినను ఆ పుస్తకములోని మాట మనకును వర్తించునని మేము చెప్పితిమి. కారణమును ఇచట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ముందు చలిదేశముల సంగతి. అమెరికాలోని మిన్నెసోటా, మిషిగన్ రాష్ట్రములలో చలికాలమున సరస్సులు పైన గడ్డకట్టును. అచటివారు ఆ కాలమునకు ముందే తమ మరపడవలను ఒడ్డునకు చేర్చి, ఇంజనులోని నీటిని తీసివేయుదురు. ఏలననగా తక్కిన వస్తువు లనేకములు గట్టిపడునప్పుడు కుంచించుకొనగా, నీరు మాత్రము పెరుగును. పదునొకండు పాళ్ల నీరు గడ్డకట్టినచో సుమారు పండ్రెండు పాళ్ల మంచుగడ్డ యగును. సిలిండరు చుట్టునుండు నీటిగదిలో ఆ అదనపు పాలునకు చోటు లేదు. పోత ఇనుము సాగునది కాదు, కావున పగులును. నీరు నిండిన గాజుసీసాకు మూత బిగించి ఫ్రిజ్జులోని మంచుగది యందుంచి పగులగొట్టుకొన్నవారు మనలోను గలరు. ఇదియు అదియే.

మన దేశమున ఆ పనిని తుప్పు చేయును. ఇంజను నడుచునప్పుడు నీరు ప్రవహించుచుండును, చమురు అన్ని భాగములకు పాకుచుండును. ఆగిన తరువాత ఆ నీరు ఒకచోట నిలిచి, గాలితోడ్పాటున ఇనుమును తినును. చమురుపొర మెల్లగా జారిపోయి సిలిండరు లోపలిగోడ బయటపడును. వానాకాలపు చెమ్మగాలి పొగగొట్టము ద్వారా లోపలికి చొచ్చును. మంచు ఒక్కరాత్రిలో ఇంజనును పగులగొట్టును. తెల్లవారగనే యజమానికి తెలియును. తుప్పు నాలుగు నెలలు పట్టును. మనకు ఇంజను కావలసిన దినమున గాని తెలియదు. మా దృష్టిలో ఇదియే ఎక్కువ చెడ్డది.

ఈ మాట మేము పుస్తకము చూచి చెప్పుట లేదు. ఒక యేడు వానలు ముందుగా పడుటచే జ్యేష్ఠమున మా ఇంజనును కొట్టములో చేర్చితిమి. నీటిగది అడుగున నున్న కుళాయిని త్రిప్పితిమి. నాలుగు చుక్కలు రాలి ఆగెను. ఖాళీయైనదని తలచి తలుపు వేసికొని పోతిమి. ఆశ్వయుజమున వానలు ముఖము చాటువేసెను. వరి పొట్టమీద నుండెను, కాలువలో మోకాలిబంటి నీరుండెను. ఇంజను హేండిలు త్రిప్పబోగా కదలలేదు. ఇద్దరము పట్టినను కదలలేదు. మేస్త్రీ వచ్చి పైభాగము విప్పగా సంగతి తెలిసినది. కాలువనీటి బురద కుళాయి నోట పేరుకొని బిరడావలె నిలిచెను. దాని వెనుక నీరు అట్లే యుండిపోయెను. గాస్కెట్టు చివికి, నీరు సిలిండరులోనికి ఊరి, పిస్టను రింగులు గోడకు అంటుకొనిపోయెను. రాణిగంజు బజారునకు పోయి సామానులు తెచ్చి బిగించుసరికి తొమ్మిది దినములు గడచెను. ఆ తొమ్మిది దినములలో ఎకరము వరి తాలుపోయెను. మరమ్మతు సొమ్ము మరచితిమి గాని ఆ చేనిని మరువలేదు.

కావున కుళాయి త్రిప్పుట చాలదు. సన్నని ఇనుపతీగను కుళాయి రంధ్రమున దూర్చి కెలకవలెను. బురద వచ్చి, దాని వెనుక నీరు వచ్చి, తుదకు ఏమియు రాకుండువరకు అట్లు చేయవలెను. పంపు పొట్టకు అడుగున వేరొక బిరడా యుండును. దానిని చాలమంది ఎరుగరు. దానినిగూడ విప్పి నీరు వదలవలెను. ఫుట్‌వాల్వును నీటినుండి పైకి తీసి, చెత్త కడిగి, ఆరబెట్టవలెను.

నీటికంటె ముందు చమురు సంగతి చూడవలెను. ఇంజనును కొంతసేపు నడపి, వేడిగా నున్నప్పుడే పాత చమురును దింపవలెను. చల్లారినచో మసియు మడ్డియు అడుగున నిలిచిపోవును. పాత చమురులో ఇంధనము మండుటవలన పుట్టిన ఆమ్లములు చేరియుండును. అవి నెలల తరబడి బేరింగులను తినుచుండును. క్రొత్త చమురు పోయుటను పని మొదలుపెట్టు దినమునకు వాయిదా వేయువారు పొదుపు చేసితిమనుకొందురు. అది పొదుపు కాదు. క్రొత్త చమురు పోసి అయిదు నిమిషములు నడపిన పిమ్మటనే ఇంజనును నిలిపి, నీరు తీయవలెను.

తరువాత డీసెలు సరఫరాను ఆపి, గాలి పీల్చు మార్గమున ఒకటి రెండు చెంచాల శుభ్రమైన చమురు వేసి, చేతితో కొన్ని చుట్లు త్రిప్పినచో సిలిండరు గోడకు చమురు పట్టును. చెంచాలని వ్రాసితిమి, గిద్దెలని వ్రాయలేదు. ఎక్కువ పోసినచో పిస్టను పైన నిలిచిన చమురు నొక్కుకొనక, తిరిగి నడపునప్పుడు కడ్డీ వంగును. రెండు వాల్వులును మూసియుండు చోట పిస్టనును నిలుపుట మేలు. చెమ్మగాలికి దారి యుండదు. పొగగొట్టము మూతికి డబ్బా బోర్లించి గుడ్డ కట్టవలెను. లేనిచో మట్టిగూళ్లు కట్టు పురుగులు అందు కాపురము పెట్టును.

డీసెలు ట్యాంకును సగము నింపి వదలరాదు. సగము ఖాళీయున్నచో అందలి గాలిలోని చెమ్మ రాత్రివేళ నీరై గోడలవెంట దిగి అడుగున చేరును. నిండుగా నింపవలెను, లేదా పూర్తిగా వంచి ఆరబెట్టవలెను. మందులు చల్లు చిన్న పెట్రోలు యంత్రములకు మాత్రము వంచివేయుటయే మార్గము. నేటి పెట్రోలులో కలుపు ఎథనాలు నీటిని పీల్చుకొనును.

ఇంజనును నేలపై నుంచక చెక్కదిమ్మెల మీద నిలుపవలెను. ప్లాస్టికు పట్టాతో నేలవరకు బిగించి చుట్టుట మంచిదనుకొందురు. నేలచెమ్మ లోపలనే నిలిచి ఇంజను చెమర్చును. గోనె కప్పి క్రింద గాలి ఆడనిచ్చుట మేలు. మోట తోలిన కాలమున మన పెద్దలు పని ముగియగనే తోలుబొక్కెనకు ఆముదము పట్టించి చూరున వ్రేలాడదీసెడివారు. తోలునకు చేసిన సేవ ఇనుమునకు అక్కరలేదని మనము తలచుట వింతగా నున్నది.

ట్రాక్టరు గల సభ్యులకు ఒక మాట. రేడియేటరులో నీరు నిలువ యుండునట్టి యంత్రమునకు తయారుదారులు చెప్పిన పాళ్లలో ఇథిలీను గ్లైకాలు కలిసిన కూలెంటు పోయవచ్చును. సగపాలు కలిపినచో సున్నకు 35 డిగ్రీలు దిగువనైనను గడ్డకట్టదు. అందు కలిపిన మందులవలన తుప్పునుగూడ అడ్డగించును. చలికాలమున సున్న దరిదాపులకు పోవు లంబసింగి వైపు రైతులకు ఇది రెండు విధముల పనికివచ్చును. కాని అది తీయగా నుండు విషము. నేల పారబోసిన కూలెంటును పశువులు, కుక్కలు నాకి చచ్చును. పిల్లలకు అందనీయరాదు.

తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు ఇచ్చుట మొదలైన పిమ్మట చాలచోట్ల ఆయిలు ఇంజను ఆపత్కాలపు వస్తువైనది. అనగా పనిదినములు తగ్గి, నిలువ దినములు పెరిగినవి. సముద్రతీరపు మరపడవలకు ఏప్రిలు 15 నుండి జూను 14 వరకు 61 దినముల వేట నిషేధము గలదు. వారికి ఆగు తేదీయు కదలు తేదీయు ముందే తెలియును. మన ఇంజను ఎప్పుడు కావలసివచ్చునో వానదేవునికే తెలియవలెను. సంఘము పక్షమున అద్దెకిచ్చు ఇంజనుల స్థితి మరింత చెడ్డది. కడపట వాడినవారు నీరు తీయరు, పుచ్చుకొన్నవారు చూడరు. ఇంజను తిరిగి వచ్చిన దినముననే గుమాస్తా యెదుట కుళాయిలో తీగ దూర్చి చూపి, చమురు మార్చిన తేదీతో రిజిస్టరున వ్రాయించుట మంచిది. అదియే వివరము గల చీటీని హేండిలునకు కట్టవలెను.

తిరిగి నడపునప్పుడు పొగగొట్టపు మూత తీయుట మరువరాదు. బిరడాలు బిగించి, చమురు కొలత చూచి, ట్యాంకు అడుగునుండి కొంచెము డీసెలు వదలి నీరున్నదేమో చూడవలెను. పిదప ఇంధనము ఆపి, చేతితోనే మెల్లగా నాలుగైదు చుట్లు త్రిప్పవలెను. హేండిలు కదలకున్నచో బలము చూపరాదు, గొట్టము తొడిగి త్రిప్పరాదు. మేస్త్రీచే ఇంధనము చిమ్ము ముక్కును విప్పించి, ఆ రంధ్రమున చమురు కలిపిన డీసెలు కొంచెము పోసి, ఒక రాత్రి నాననిచ్చి, ఆ రంధ్రమును తెరచియుంచియే మరునాడు చేతితో త్రిప్పి చూడవలెను.