డిగ్రీ మొదటి ఏడాది కాలేజీదే, కోచింగ్‌ది కాదు

హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో కరెంటు స్తంభాలు చూస్తే చాలు, తల్లిదండ్రుల భయం మీద ఎంత వ్యాపారం నడుస్తోందో అర్థమవుతుంది. 'డేటా సైన్స్, నూరు శాతం ప్లేస్‌మెంట్', 'నాన్ ఐటీ వాళ్లకూ జాబ్ గ్యారంటీ' అంటూ ఒకదాని మీద ఒకటి అంటించిన కాగితాలు. అదే ప్రాంతంలో 2019లో తెరిచిన అమెజాన్ క్యాంపస్. ఆ అద్దాల భవనాలు చూసిన తల్లిదండ్రులు, బీఎస్సీలో చేరిన పిల్లల గురించి నన్ను అడిగేది ఒక్కటే: "డిగ్రీతో పాటు ఏ కోర్సు చేయించమంటారు?"

మొదటి ఏడాది ఏ కోర్సూ వద్దు. కాలేజీకి పోనివ్వండి.

ఇంజినీరింగ్ సీటు రానివాళ్లే బీఎస్సీకి పోతారన్న మాట ఇంకా మన ఇళ్లలో నడుస్తోంది. చేరిన రోజే పిల్లల మీద ఓడిపోయారన్న ముద్ర వేస్తున్నాం. ఇంటర్ రెండేళ్లూ తెల్లవారుజాము నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా నలిగిన పిల్లలను మళ్లీ సాయంత్రం అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు తరిమితే, వాళ్లకు ఇటు కెమిస్ట్రీ రాదు, అటు పైథాన్ రాదు. చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

డబ్బు సంగతి మరీ ఘోరం. ఫీజు వాయిదాల్లో కట్టమంటారు, కోర్సు సగంలో మానేస్తే తిరిగివ్వరు. జాబ్ గ్యారంటీ అన్నది ఇంటర్వ్యూలకు పంపడం దగ్గరే ఆగిపోతుంది. కొందరు ఇంకో అడుగు వేసి, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు పెట్టిస్తామంటారు. కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అది బయటపడితే ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. ఉద్యోగానికి డబ్బు కట్టమన్నవాడి గుమ్మం తొక్కకండి. అలాగని బీఎస్సీ వాళ్లకు ఐటీ తలుపులు మూసుకుపోలేదు. ఈ ఐటీ కారిడార్‌లోనే ఉన్న విప్రో బీసీఏ, బీఎస్సీ పట్టభద్రులను తీసుకుని, ఉద్యోగం చేస్తుండగానే ఎంటెక్ చదివించే పథకం నడుపుతోంది. ఆ ప్రయత్నం చివరి ఏడాది చేసుకోవచ్చు.



మరి మొదటి ఏడాది కాలేజీలో ఏం చేయాలి? నానక్‌రామ్‌గూడ హాస్టల్లో ఉంటూ బీఎస్సీ కెమిస్ట్రీ చివరి ఏడాది చదువుతున్న ఒకమ్మాయిని, కొత్తగా చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నాను. ఆమె మార్కుల ఊసెత్తలేదు. ప్రాక్టికల్స్ ఎగ్గొట్టొద్దని, రికార్డు సీనియర్ల దగ్గర చూసి దించొద్దని చెప్పింది. టైట్రేషన్ చేసేటప్పుడు బ్యూరెట్ నుంచి చుక్క చుక్కగా క్షారం వదులుతూ ఫ్లాస్కు తిప్పుతుంటే, ఒక్క చుక్కకు ద్రావణం లేత గులాబీకి తిరుగుతుంది. ఇంకో రెండు చుక్కలు పడ్డాయా, రంగు ముదిరిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. రీడింగులు కలిసేదాకా పక్కన నిలబడి బ్యూరెట్ చూసిన అమ్మాయే తనకు ప్రాణ స్నేహితురాలైందట. హైదరాబాద్ ఫార్మా కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో కావాల్సింది సరిగ్గా ఈ చేతి నేర్పే, ఈ ఓపికే.

ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరండి, ఆటలాడండి, క్యాంటీన్‌లో కబుర్లు చెప్పుకోండి. లెక్చరర్‌ను ప్రశ్న అడగడానికి సిగ్గుపడకండి. నానక్‌రామ్‌గూడలో ఉన్నవాళ్లకైతే పక్కనే గచ్చిబౌలిలో 1974లో మొదలైన హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఆ దగ్గర్లోనే గోపన్‌పల్లిలో టీఐఎఫ్‌ఆర్ ఉన్నాయి. కాస్త దూరం వెళ్తే హబ్సిగూడ వైపు సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్‌ఐ. ఫిబ్రవరి 28 సైన్స్ దినోత్సవం లాంటి సందర్భాల్లో ఇలాంటి పరిశోధన సంస్థలు విద్యార్థులను లోపలికి రానిస్తుంటాయి. వెళ్లి చూడండి. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్‌తో రెండు నెలలు శాస్త్రవేత్తల దగ్గర పనిచేయవచ్చు. ఐఐటీల్లో ఎంఎస్సీకి జామ్, సెంట్రల్ వర్సిటీల్లో పీజీకి సీయూఈటీ ప్రవేశ పరీక్షలు రాయాలి. నన్నడిగితే కోచింగ్ సెంటర్ సర్టిఫికెట్ల కన్నా ఈ దారులే మేలు.

అమ్మానాన్నలకు ఒక మనవి. కోచింగ్‌కని తీసిపెట్టిన డబ్బులో ఇప్పుడు ఒక ల్యాబ్ కోటు, బస్ పాస్, నాలుగు మంచి పుస్తకాలు కొనివ్వండి. మిగతాది పీజీకి దాచండి.