5జీ అని రాసున్నా సిమ్ చూసి కొనండి

ప్రశ్న: బీడీలు చుట్టి తొమ్మిది వేలు కూడబెట్టాను. దుబాయిలో ఉన్న మా ఆయనతో బాటిమ్ యాప్‌లో వీడియో కాల్ మాట్లాడాలి. రెడ్‌మీ ఏ4 5జీ తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మేడిపల్లి

జవాబు: తీసుకోవచ్చమ్మా. ముందు మీ సిమ్ ఏదో చూసుకోండి. 2024 నవంబరులో రూ.8,499 ధరతో వచ్చిన ఈ ఫోను స్టాండలోన్ 5జీని, అంటే 4జీ ఆసరా లేకుండా నడిచేదాన్ని మాత్రమే పట్టుకుంటుంది. జియోది ఆ తరహానే. ఎయిర్‌టెల్ తన 5జీని 4జీ ఆసరాతో మొదలుపెట్టింది, అందుకే ఆ సిమ్ వేస్తే 4జీయే రావచ్చు. సిగ్నల్ బాగుంటే వీడియో కాల్‌కు అదీ చాలు. 5,160 ఎంఏహెచ్ బ్యాటరీ, 6.88 అంగుళాల తెర దీని బలం. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజీ దగ్గరే ఇబ్బంది. వాట్సాప్ వీడియోలు పేరుకుంటే నత్తనడకే, మెమొరీ కార్డు వేయించి వాటిని అందులోకి మార్చుకోండి. వెనుక 50 మెగాపిక్సెల్ అంకె చూసి మురిసిపోకండి, మీకు పనికొచ్చే ముందు కెమెరా 5 మాత్రమే. రాత్రి మాట్లాడేటప్పుడు లైటుకు ఎదురుగా కూర్చోండి.